పగులు లేని గంట

ధర్మవరం,
18 జనవరి 2026

హబీబా మేడమ్ గారికి నమస్కారాలు.

నేను అరుణజ్యోతిని. గ్యాంగ్‌మన్ ఎర్రిస్వామి కూతురిని. మీ క్లాసులో కిటికీ పక్కన కూర్చుని గూడ్సు బండి పెట్టెలు లెక్కపెట్టేదాన్ని అంటే గుర్తొస్తానేమో. పోయిన నెల గుంతకల్లు స్టేషన్లో కనబడినప్పుడు మీ ఫోన్ నంబరు అడిగాను. "ఫోన్లో నాకు సగం మాట వినబడదు, రాస్తే చదువుతాను" అన్నారు. అందుకే రాస్తున్నాను. ఉత్తరం రాసి ఇరవై ఏళ్లు దాటింది. తప్పులుంటే మన్నించండి.

పెళ్లయి ధర్మవరం వచ్చాక నేను చీరల డిజైన్లు నేర్చుకున్నాను. ఇంట్లో రెండు మగ్గాలు. ఒకదాని మీద మా మామ జయరాముడు, ఇంకోదాని మీద మా ఆయన మారుతి నేస్తారు. నేను గళ్ల కాగితం మీద బొమ్మ గీస్తే, తిప్పయ్య అనే ఆయన దాన్ని చూసి అట్టలకు రంధ్రాలు కొడతాడు. మగ్గం మీద ఆ అట్టలు తిరుగుతుంటే రంధ్రం ఉన్నచోట జరీ తేలుతుంది, లేనిచోట తేలదు. మా విద్య ఇంతే.

ఇప్పుడొక పని వచ్చింది. అమెరికాలో ఒక చిన్న ఊళ్లో పన్నెండు మంది ఆడవాళ్లు కలిసి పాటలు పాడతారట. వాళ్లలో సుజాత అనే డాక్టరమ్మ ఒక్కతే మన తెలుగావిడ. ఈ జులై నాలుగుకు వాళ్ల దేశానికి రెండువందల యాభై ఏళ్లు నిండుతాయి కదా, ఆ రోజు ఊరందరి ముందు పన్నెండు మందీ ధర్మవరం చీరలు కట్టుకుని పాడతారట. జెండా వద్దన్నారు. ఆ రోజుకు సంబందించినది ఏదైనా కొంగులో పెద్దగా రావాలట. ఏమిటన్నది నన్నే ఆలోచించమన్నారు.

మామను అడిగితే నెమలి వెయ్యమన్నాడు. ఆయనకు ఏ దేశానికైనా నెమలే. మీరు చెప్పిన అమెరికా స్వాతంత్ర్యం పాఠంలో నాకు గుర్తున్నది ఒక్కటే. మీరు కుండ పగలగొట్టారు. ఎందుకు పగలగొట్టారో మాత్రం గుర్తు రావడం లేదు. దయచేసి రాయండి.

మీ విద్యార్థిని
అరుణజ్యోతి


గుంతకల్లు,
27 జనవరి 2026

చిరంజీవి అరుణజ్యోతికి ఆశీస్సులు.

నీ ఉత్తరంలో పదకొండు తప్పులున్నాయి. ఎర్ర సిరాతో దిద్ది దీంతోపాటే తిప్పి పంపుతున్నాను. 'సంబందం' కాదు, 'సంబంధం'. అంతకుమించి కోపం లేదు. నిజం చెప్పాలంటే రెండుసార్లు చదివాను. రిటైరై తొమ్మిదేళ్లయింది. నన్ను పాఠం అడిగినవాళ్లు ఈ తొమ్మిదేళ్లలో నువ్వొక్కతివే.

1776లో అమెరికాలోని పదమూడు వలసలు ఇంగ్లండు రాజు పెత్తనం వద్దనుకున్నాయి. విడిపోదామని ఓటు వేసింది జులై రెండున. అందుకు రాసుకున్న కాగితాన్ని ఒప్పుకున్నది నాలుగున. ఎక్కువమంది సంతకాలు పెట్టింది ఆగస్టులో. మన పెళ్లిళ్లలో పత్రికలో వేసే ముహూర్తం ఒకటి, తాళి కట్టే వేళ ఒకటి, ఫొటో దిగేది ఇంకెప్పుడో అయినట్టు. చివరికి పత్రికలో పడ్డ తేదీయే లోకానికి నిలిచిపోయింది.

ఇక కుండ సంగతి. ఫిలడెల్ఫియా అనే ఊళ్లో ఒక పెద్ద గంట ఉండేది. స్వేచ్ఛ వచ్చిందని జనానికి చాటడానికి ఆ రోజు దాన్ని ఎంత గట్టిగా మోగించారంటే, పాపం, ఆ సంతోషానికే అది పగిలిపోయింది. ఈ రోజుకీ ఆ పగులుతోనే దాచుకున్నారు. ముప్పైఒక్క ఏళ్లు ఈ కథ చెప్పాను. వరండాలో బడి గంటగా వేలాడే రైలు పట్టా ముక్కను సుత్తితో కొడుతూ, 'స్వేచ్ఛ' అన్న మాట దగ్గర కుండను నేలకేసి కొట్టేదాన్ని. చివరి బెంచీలో నిద్రపోయేవాడు కూడా లేచి కూర్చునేవాడు.

నెమలి వద్దు. గంట వెయ్యి. పగులు మాత్రం బాగా కనబడాలి. పగులు లేకపోతే అది ఏ గుడి గంటో అనుకుంటారు.

ఆశీస్సులతో
హబీబా


ధర్మవరం,
24 మార్చి 2026

మేడమ్ గారికి నమస్కారాలు. మీకు, మీ ఇంట్లోవాళ్లకు రంజాన్ శుభాకాంక్షలు. ఈసారి ఉగాది, రంజాను ఒక్క వారంలోనే వచ్చాయి. మా వీధిలో పచ్చడి గిన్నెలు ఇటు నుంచి అటు, సేమ్యా గిన్నెలు అటు నుంచి ఇటు తిరుగుతూనే ఉన్నాయి.

గంట గీయడానికి నాకు పదహారు రోజులు పట్టింది. గంట గీయడం సులువే, పగులుతోనే తంటా అంతా. వంకరగా కిందికి దిగాలి, అయినా జరీ పోగులు వదులు కాకూడదు. మూడుసార్లు చెరిపాను. చివరికి వచ్చింది. సుజాతగారికి కాగితం ఫొటో పంపితే వాళ్లందరికీ నచ్చిందని రాశారు.

మామకే నచ్చలేదు. కాగితాన్ని తిప్పి తిప్పి చూశాడు. తర్వాత, "యాభై ఏండ్లలో నా మగ్గం మీద నుంచి తప్పున్న చీర ఒగటి దిగలేదు. ఇప్పుడు కావాలని పగిలిన వస్తువును పట్టు మీద నెయ్యమంటాండావు. కట్టుకునే ఆడబిడ్డకు మంచిదేనా అది?" అన్నాడు. మీ కథ చెప్పాను. విన్నాడు. ఇంకేమీ అనలేదు. పోయిన వారం రెండు మగ్గాల మీదా పని మొదలైంది. ఒప్పుకున్నట్టే అనుకుంటున్నాను.

ఈ ఉత్తరంలో తప్పులు తగ్గాయో లేదో చెప్పండి.

అరుణజ్యోతి


గుంతకల్లు,
9 ఏప్రిల్ 2026

చిరంజీవి అరుణజ్యోతికి,

తప్పులు నాలుగే. సంతోషం.

ఇక్కడ ఎండ మండిపోతోంది. రైలు పట్టాల మీద గాలి కూడా ఉడికినట్టు కనబడుతుంది. మా తమ్ముడి మనవరాలు ఆసియా డిగ్రీ పరీక్షలకని నా దగ్గరే ఉండి చదువుకుంటోంది. ఈ కాలం పిల్లలు ఏ మాటనూ ఊరికే నమ్మరు. అది మంచిదే.

చీరలు ఎన్ని అయ్యాయి? గంట బొమ్మలో ఏమైనా మార్చాలంటే ఇంకా వీలుందా? ఊరికే అడుగుతున్నాను. ఆ సంగతి మళ్లీ వివరంగా రాస్తాను. మీ మామగారికి సలాం చెప్పు.

హబీబా


ధర్మవరం,
23 ఏప్రిల్ 2026

మేడమ్,

మీరు అడిగిన మాటకు జవాబు రాసే లోపే ఇంట్లో పెద్ద గొడవ అయ్యింది.

నేసేటప్పుడు మాకు కనబడేది చీర వెనకవైపు. నేసిన బట్ట నేసినట్టే కర్రకు చుట్టుకుపోతుంది. దించాక మడతలు పెట్టి బీరువాలో ఉంచేది మామ. పన్నెండూ అయ్యేదాకా ఎవరూ విప్పకూడదన్నాడు. ఆయన పద్ధతి అనుకున్నాను. పోయిన వారం సుజాతగారు ఫొటో అడిగితే, నేను అంగడికి వెళ్లిన సమయంలో మారుతి ఒక చీర తీసి ఫొటో పంపాడు. మరుసటి రోజు ఆమె నుంచి మెసేజీ వచ్చింది. వాళ్ల బృందంలో అందరికంటే పెద్దావిడ, ఎనభై ఒక్క ఏళ్ల రూత్ అనే నల్లజాతి ఆవిడ, "పగులేది?" అని అడిగిందట.

ముసలావిడకు చూపు ఆనలేదేమో అని నవ్వుకుని ఫొటో పెద్దది చేసి చూశాను. పగులు లేదు. బీరువా తీశాను. అయిదు చీరలు, అయిదు గంటలు, ఒక్కదానికీ పగులు లేదు. మామ నాకు తెలియకుండా తిప్పయ్య దగ్గరికి వెళ్లి, పగులు ఉన్నచోట కూడా రంధ్రాలు కొట్టించాడు. మారుతికి తెలుసు. "నాయన చెప్పద్దన్న్యాడు" అంటాడు.

మామను అడిగాను. "నేనేం చెడగొట్టినా? బాగు చేసినా" అన్నాడు. నాకు ఏడుపు వచ్చింది మేడమ్. పగులు పోయినందుకు కాదు. ఇరవై ఏళ్లుగా ఈ ఇంట్లో గీస్తున్నాను. ఇప్పటికీ నా గీత ఆయన కంటికి చిన్నపిల్ల పలక మీద గీసినట్టే ఉంది. అంటే దిద్దేయవచ్చు, అడగక్కర్లేదు.

రూత్‌గారి మాట కూడా సుజాతగారు వివరంగా రాశారు. ఆవిడ నాయనమ్మ తల్లి టెక్సస్‌లో బానిస. బానిసలకు విడుదల అని 1863లోనే ప్రకటించినా, ఆ కబురు అక్కడికి చేరి అమలైంది 1865 జూన్ పంతొమ్మిదిన. రెండున్నరేళ్లు వాళ్లకు తాము స్వేచ్ఛగా ఉన్నామని తెలియకుండానే చాకిరీ చేశారు. "అందరి కోసం చక్కగా మోగిన గంట అని నా భుజం మీద అబద్ధం వేసుకోలేను" అన్నదట ఆవిడ.

మూడు రోజులుగా మగ్గాలు ఆగిపోయాయి. మే నెలాఖరుకు పన్నెండూ సిద్ధం కావాలి. మామ నాతో మాట్లాడడం లేదు, నేనూ మాట్లాడడం లేదు. మీరంటే ఆయనకు గౌరవం. పగులు ఎందుకు కావాలో ఆయనకు మీరే ఒక ఉత్తరం రాయండి.

అరుణజ్యోతి


గుంతకల్లు,
28 ఏప్రిల్ 2026

చిరంజీవి అరుణజ్యోతికి, జయరాముడన్నకు,

ఇద్దరికీ కలిపి ఒకటే ఉత్తరం. అరుణా, దీన్ని మీ మామగారికి గట్టిగా చదివి వినిపించు. మధ్యలో ఏదీ వదిలిపెట్టకు.

జయరాముడన్నా, మీ కోడలు నన్ను మీకు నచ్చజెప్పమంది. ముందు నేను ఒక తప్పు ఒప్పుకోవాలి. ఏప్రిల్ రెండో తారీఖున నేను చీరల సంగతి గొప్పగా చెబుతుంటే మా ఆసియా అడ్డం వచ్చి, "దాదీ, నువ్వు చెప్పేది కథ, చరిత్ర కాదు" అంది. కోప్పడ్డాను. అది పుస్తకాలు తెచ్చి ముందు పెట్టింది. ఒకటి కాదు, మూడు. మూడింటిలోనూ ఒకటే ఉంది. ఆ గంట 1776లో పగలలేదు. జులై నాలుగున దాన్ని మోగించారన్నది, డెబ్బై ఏళ్ల తర్వాత ఎవరో అల్లిన కథ. జులై ఎనిమిదిన ఆ కాగితాన్ని జనం ముందు చదివినప్పుడు ఊళ్లో గంటలు మోగాయి. వాటిలో ఇదీ ఉండవచ్చు. పగులు వచ్చింది చాలా ఏళ్ల తర్వాత, వాడి వాడి.

నేను ముప్పైఒక్క ఏళ్లు తప్పు పాఠం చెప్పాను. ముప్పైఒక్క కుండలు ఊరికే పగలగొట్టాను. ఇది తెలిసి కూడా అరుణకు వారం తర్వాత రాసిన ఉత్తరంలో దాచాను. ఆ పిల్ల ఉత్తరంలో వత్తు తప్పితే ఎర్ర సిరా తీసేదాన్ని, నా తప్పు దగ్గరికి వచ్చేసరికి కలం కదల్లేదు. సిగ్గుపడ్డాను. అరుణా, నన్ను మన్నించు.

కాబట్టి జయరాముడన్నా, మీరు నేసిన అయిదు గంటలూ తప్పు కావు. 1776లో ఆ గంట అట్లాగే, నిండుగానే ఉండింది. కానీ అది నిండుగా ఉన్న రోజుల్లో రూత్‌గారి పెద్దలకు స్వేచ్ఛ లేదు. బానిసత్వం పోవాలని పోరాడినవాళ్లే తర్వాత దానికి స్వేచ్ఛా గంట అని పేరు పెట్టారు. అందుకే ఆవిడకు ఈనాటి గంట కావాలి.

ఇంకొకటి కూడా చదివాను, ఇది మీకోసమే రాస్తున్నాను. మనం ఫొటోల్లో చూసే ఆ వెడల్పాటి పగులు అసలు పగులే కాదట. మొదట వెంట్రుకంత చీలిక వచ్చింది. గంట గరగరమనేది. 1846లో పనివాళ్లు ఆ చీలిక అంచులు ఒకదానికొకటి రాసుకోకుండా వరసగా రంధ్రాలు వేసి ఎడం చేశారు. రెండు బోల్టులు బిగించారు. అది మోగింది కూడా. తర్వాత పైన ఇంకో సన్నని చీలిక వచ్చి మూగబోయింది. అంటే మనకు కనబడేది మరమ్మతు.

నేను చెప్పేది ఇంతే. ఆ అయిదింటి నేత విప్పొద్దు, అట్లాగే ఉంచండి. మిగతా ఏడూ ఎట్లా నెయ్యాలో మీ ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి. ఏది ఎందుకు అట్లా ఉందో సుజాతగారికి ఉన్నదున్నట్టు రాయండి.

సలాం.
హబీబా


ధర్మవరం,
6 మే 2026

మేడమ్ గారికి నమస్కారాలు.

మీ ఉత్తరం వచ్చినప్పుడు మామ సంగటి తింటున్నాడు. పక్కన కూర్చుని మొదటి నుంచి చివరిదాకా చదివాను. మీరు తప్పు ఒప్పుకున్న చోట ఆయన తినడం ఆపేశాడు. "మేడమ్మా ఆ మాట రాసింది?" అని అడిగాడు. కాగితం చూపించాను. చదువు రాకపోయినా కాసేపు పట్టుకుని చూశాడు.

మరమ్మతు దగ్గరికి వచ్చాక చెయ్యి కడుక్కుని గంట ఫొటో చూపించమన్నాడు. ఫోన్లో పెద్దది చేసి ఇచ్చాను. అద్దాలు పెట్టుకుని అంగుళం అంగుళం చూశాడు.

"ఇది పగులు కాదుమ్మా. పనోడి చెయ్యి ఇది. సూడు, అంచు ఎంత నింపాదిగా కోసినాడో. తెగిన పోగును మనం ఇంకా కొంచెం కత్తిరించి ముడేస్తాం సూడు, అట్లా. ఎట్లన్నా దాన్ని మళ్లీ మోగించల్లని సూసినాడు. మోగించినాడు గూడా" అన్నాడు. ఫోన్ తిరిగిచ్చి, "నువ్వు గీసింది బల్లి మాదిరి ఉండాది. బోల్టులు యాడ? ఆ రంధ్రాల గుర్తులు యాడ?" అన్నాడు.

నాకు మళ్లీ కోపం వచ్చింది. కానీ ఆ వెంటనే, నా ముఖం చూడకుండా, "నిన్ను అడక్కుండా నీ బొమ్మ మీద చెయ్యి పెట్టినా. అది నా తప్పే. ఈసారి నువ్వే గీయి. తిప్పయ్య కాడికి ఇద్దరం పోదాం" అన్నాడు. ఇరవై ఏళ్లలో ఆయన నోట 'నా తప్పు' అన్న మాట నేను వినలేదు. మారుతి అయితే పుట్టినప్పటి నుంచి వినలేదట.

మళ్లీ గీశాను. ఈసారి బోల్టులతో, అంచు వెంబడి చిన్న చిన్న గాట్లతో, పైన వెంట్రుకంత చీలికతో. గీస్తున్నంతసేపూ మామ పక్కనే కూర్చున్నాడు కానీ కాగితం ముట్టలేదు. కొత్త అట్టలు వచ్చాయి. ఇద్దరూ తెల్లవారగానే మగ్గం ఎక్కుతున్నారు. సుజాతగారికి అంతా రాశాను. 'అందరితో మాట్లాడి చెబుతాను' అన్నారు. ఏమంటారో చూడాలి.

మిమ్మల్ని మన్నించడానికి నేనెవరిని మేడమ్. ఆ కుండ వల్లే ఆ పాఠం ఇన్నేళ్లు నాకు గుర్తుంది.

అరుణజ్యోతి


ధర్మవరం,
9 జులై 2026

మేడమ్ గారికి నమస్కారాలు.

జూన్ మొదట్లో పార్సిల్ వెళ్లింది. తిప్పయ్య బండి నడుపుతుంటే మారుతి దాన్ని ఒళ్లో పెట్టుకుని, వెనక కూర్చుని, బత్తలపల్లె మీదుగా అనంతపురం తీసుకెళ్లాడు. దారిలో ఎక్కడా కిందికి దించలేదట. జూన్ పంతొమ్మిదిన రూత్‌గారి ఇంట్లో అందరూ కూడినప్పుడు పెట్టె విప్పారు. అంతకుముందు మేలోనే, సుజాతగారు ఆ అయిదు చీరల సంగతి చెప్పగానే వాళ్లలో చాలా వాదన జరిగిందట. చివరికి రూత్‌గారే తేల్చారు. అయిదుగురు మొదటి పాట పాడాలి, ఏడుగురు రెండో పాట పాడాలి, మూడోది అందరూ కలిసి పాడాలి. రెండు రకాల గంటలు ఎందుకున్నాయో ఆవిడే జనానికి చెబుతానన్నారు.

జులై నాలుగున అట్లాగే చేశారు. వీడియో వచ్చింది. ఇంటిల్లిపాదీ, తిప్పయ్యతో సహా, కూర్చుని చూశాం. పన్నెండు మందికీ చీర కట్టింది సుజాతగారొక్కరే, పిన్నీసుల బలంతో. మామకు పాట అర్థం కాలేదు కానీ, "రెండో వరసలో ఆ పొడుగాయమ్మ కుచ్చిళ్లు జారుతాండాయి, ఎవరన్నా చెప్పండప్పా" అని ఫోనుకే చెబుతూ కూర్చున్నాడు.

రూత్‌గారు కట్టుకున్నది మామ కొత్త అట్టలతో నేసిన మొదటి చీర. ఆవిడ సుజాతగారితో చెప్పి పంపిన మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "మా నాన్న నలభై ఏళ్లు రైలు ఇంజన్లకు బోల్టులు బిగించాడు. వంకర బోల్టు కనబడితే అన్నం తినేవాడు కాదు. ఈ గంటకు బోల్టులు వేసినవాళ్లకు చెప్పండి, ఇవి తిన్నగా ఉన్నాయి."

మామ ఆ మాట రెండుసార్లు చదివించుకున్నాడు. తర్వాత, "గీసింది నువ్వని రాసినావా ఆయమ్మకు?" అని అడిగాడు. రాయలేదన్నాను. "రాయి. పేరు గూడా రాయి" అన్నాడు. రాశాను.

అరుణజ్యోతి


గుంతకల్లు,
17 జులై 2026

చిరంజీవి అరుణజ్యోతికి,

వీడియో ఆసియా చూపించింది. చెవి మిషన్ పెట్టుకుని మూడు పాటలూ విన్నాను. మీ ఇంటివాళ్లందరికీ నా అభినందనలు చెప్పు.

ఇప్పుడు నా సంగతి. పోయిన సోమవారం నేను పనిచేసిన బడికి వెళ్లాను. ఇప్పుడు సోషల్ చెప్పే ఉమాదేవిని పది నిమిషాలు అడిగి, ఎనిమిదో తరగతిలో నిలబడ్డాను. మీ అమ్మానాన్నల్లో కొందరికి నేను ఒక తప్పు పాఠం చెప్పాను, ఇంటికి వెళ్లి సరిదిద్దండి అని గంట కథ అసలుది చెప్పాను. పిల్లలు బుద్ధిగా విన్నారు. చివర్లో ఒక అమ్మాయి లేచింది. "మేడమ్, అప్పుడు తప్పు రాసినోళ్లకు మీరు మార్కులు ఏసినారు కదా. మరి కరెక్టుగా రాసినోళ్లకు?" అంది.

జవాబు చెప్పబోతుంటే గుర్తొచ్చింది. ఒక పిల్లవాడు రాశాడు అరుణా. జయచంద్ర అని, నీకంటే ఆరేళ్లు ముందు. రైల్వే లైబ్రరీలో ఏదో చదివి, 'గంట ఆ రోజు పగలలేదు' అని పరీక్షలో రాశాడు. దాని మీద అడ్డగీత కొట్టి సున్నా వేశాను. పైగా క్లాసులో నిలబెట్టి, సొంత కవిత్వం రాయొద్దన్నాను.

విచారిస్తే ఇప్పుడు గూడ్సు బండి నడుపుతున్నాడని, రైల్వే క్వార్టర్సులోనే ఉంటాడని తెలిసింది. నిన్న పొద్దున ఆసియాను తోడు తీసుకుని వెళ్లాను. తలుపు తీసి నన్ను చూసి కంగారుపడ్డాడు. తల నెరిసింది. నేను కూర్చోకుండానే, "జయచంద్రా, ఎనిమిదో తరగతి అర్ధసంవత్సరం పరీక్ష, సోషల్, నీకు నాలుగు మార్కులు రావాలి. ఇవ్వడానికి వచ్చాను" అన్నాను.

మరిచిపోయి ఉంటాడనుకున్నాను. మరిచిపోలేదు. గోడకు ఆనుకుని నిలబడి, "మేడమ్, ఆ నాలుగు మార్కులతోనే నాకు ఫస్టు పోయింది. మూడు మార్కుల తేడాతో నందిని కొట్టేసింది" అన్నాడు. కళ్లు తుడుచుకున్నాడు, నవ్వాడు.

అప్పుడు వంటింట్లోంచి అతని భార్య టీ తెచ్చింది. చూస్తే ఆ నందినే. పెళ్లయి ఇరవై రెండేళ్లట. నాకు తెలియనే తెలియదు. టీ గ్లాసు నా చేతికి ఇవ్వకుండానే, "ఈయప్ప పెండ్లయినప్పటి నుంచి ఆ నాలుగు మార్కుల మాటే మేడమ్. ఇప్పుడు నేను సెకండు అయిపోయినానా?" అంది.

నలభై ఎనిమిదేళ్ల మనిషి, అరుణా. అయినా ఆ ముఖంలో ర్యాంకు పోయిన పదమూడేళ్ల పిల్లే కనబడింది. ఇద్దరికీ ఫస్టు ఇచ్చి, టీ తాగి వచ్చాను.

ఆశీస్సులతో
హబీబా